వ్యాన్ ఇస్తామన్నారు, జీతాలు అడిగాం: ఒక తల్లిదండ్రుల సంఘం కేసు

చిన్న స్వచ్ఛంద సంస్థలకు సీఎస్ఆర్ (కంపెనీలు చట్టప్రకారం సామాజిక పనులకు పెట్టే ఖర్చు) ప్రపోజల్స్, లెక్కలు, కాగితాలు చూసిపెట్టడం నా పని. ఈ కేసు రాయడానికి కారణం ఒకటుంది. సీఎస్ఆర్ నియమాల్లో పరిపాలన (అడ్మినిస్ట్రేటివ్) ఖర్చుల మీద ఉన్న 5 శాతం పరిమితిని చాలా కంపెనీలు, అంతకంటే ఎక్కువగా సంస్థలు, తప్పుగా చదువుకుంటున్నాయి. సిబ్బందికి జీతాలు అడగడమే తప్పన్నట్టు మాట్లాడతాయి. ఇక్కడ ఆ చిక్కు ఎలా విడిపోయిందో, అంతకుముందు ఏ దారులు మూసుకుపోయాయో చెబుతాను. సంఘం అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరు, కంపెనీ, మనుషులు తెలిసిపోయే వివరాలు తీసేశాను. అంకెలను నిష్పత్తి చెడకుండా కాస్త మార్చాను.

నేపథ్యం

కోస్తాలోని ఒక పట్టణం. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కొందరు కలిసి సొసైటీగా రిజిస్టర్ చేసుకుని ఒక డే కేర్ కేంద్రం నడుపుతున్నారు. అద్దె ఇల్లు, 60 మంది దాకా పిల్లలు. ఇద్దరు ఫిజియోథెరపిస్టులు, ముగ్గురు స్పెషల్ ఎడ్యుకేటర్లు, ముగ్గురు ఆయాలు ఉన్నారు. స్పీచ్ థెరపిస్టు వారంలో కొన్ని రోజులే వస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం దగ్గర్లోనే ఉంది గానీ అక్కడికి ఫిజియో వచ్చేది వారానికొకసారి. కండరాలు బిగుసుకుపోయే పిల్లలకు అది చాలదు. ఈ సంఘం పుట్టిందే అందుకు.

ఏడాది ఖర్చు 22 లక్షలు. అందులో 18 లక్షలు జీతాలే. మిగతాది అద్దె, కరెంటు, పిల్లల సామగ్రి. తల్లిదండ్రులు ఇచ్చే ఫీజు, ఊళ్లో వాళ్ల విరాళాలు కలిపి 13 లక్షలకు మించవు. తక్కువపడే 9 లక్షలు ప్రతి ఏడూ అప్పులతోనూ, ఆలస్యమైన జీతాలతోనూ గడిచిపోయేవి. నేను వెళ్లేనాటికి ఒక ఫిజియో మానేసి ప్రైవేటు ఆసుపత్రిలో చేరిపోయారు. కారణం జీతం చాలకపోవడం కాదు, ఏ నెల జీతం ఏ నెలలో వస్తుందో తెలియకపోవడం.

కాగితాలు మాత్రం బాగున్నాయి. సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే 12ఏ, దాతలకు పన్ను తగ్గింపునిచ్చే 80జీ రెండూ ఉన్నాయి, ఆడిట్ ఎప్పటికప్పుడు చేయించారు. కంపెనీల నుంచి సీఎస్ఆర్ డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ 1 నుంచి సంస్థ సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి. అదీ ఉంది. ట్రెజరర్ గారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన వల్ల సగం పని నాకు తగ్గిపోయింది.

వచ్చిన సమస్య

2023 జనవరిలో ఆ ప్రాంతంలోనే ఫ్యాక్టరీ ఉన్న ఒక కంపెనీ 40 లక్షలు ఇస్తామని ముందుకొచ్చింది. లిఫ్ట్ ఉన్న వ్యాన్‌కు 17 లక్షలు, మల్టీ సెన్సరీ గదికి (లైట్లు, బబుల్ ట్యూబుల లాంటి వాటితో థెరపీ చేసే గది) 14 లక్షలు, విదేశీ థెరపీ పరికరాలకు 9 లక్షలు. మార్చి 31 లోపు మొత్తం ఖర్చయిపోవాలి. జీతాలకు ఒక్క రూపాయి లేదు.

జనవరిలో ఈ హడావుడి ఎందుకో తెలియాలంటే చట్టం కొంచెం తెలియాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నెట్‌వర్త్ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. 2022-23లో దేశం మొత్తం మీద ఇలా ఖర్చయింది దాదాపు 30 వేల కోట్లు. ఏడాదిలోపు ఖర్చు కాని డబ్బును, అది కొనసాగుతున్న ప్రాజెక్టుది కాకపోతే, ఆరు నెలల్లో ప్రభుత్వం చెప్పిన నిధికి జమ చేయాలి. తన ఫ్యాక్టరీ చుట్టుపక్కల పేరు తెచ్చే డబ్బు ఢిల్లీలోని నిధికి పోవడం ఏ కంపెనీకీ ఇష్టం ఉండదు. అందుకే సంక్రాంతి వెళ్లగానే సంస్థలకు ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు అడిగేవి త్వరగా బిల్లు అయ్యే వస్తువులే.

సంఘంలో రెండు వర్గాలయ్యాయి. అధ్యక్షుడు గారు తీసుకుందామన్నారు. "ఏనుగునిచ్చినవాడు అంకుశం ఇవ్వడా? ముందు వ్యాన్ రానివ్వండి, జీతాలు వచ్చే ఏడు అడుగుదాం" అన్నది ఆయన వాదన. ట్రెజరర్ గారు ఒకే మాట అన్నారు: "అంకుశం ఇస్తాడేమోనండీ, మేత ఎవరు పెడతారు?"

ఆ మాట ఊరికే అన్నది కాదు. కేంద్రం వెనకాల అప్పటికే ఒక వ్యాన్ ఉంది. వేరే కంపెనీ కొన్నేళ్ల కిందట ఇచ్చింది. డ్రైవర్ జీతం, డీజిల్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ భరించలేక అది రోడ్డెక్కడం మానేసింది. సీఎస్ఆర్ నియమాలకు 2021లో వచ్చిన సవరణ తర్వాత, సీఎస్ఆర్ డబ్బుతో వచ్చిన స్థిరాస్తులు, వాహనాలు కంపెనీ పేరు మీద ఉండకూడదు. అర్హత గల సంస్థో, లబ్ధిదారుల సంఘమో, ప్రభుత్వ సంస్థో వాటికి సొంతదారు కావాలి. నియమం మంచిదే. కానీ సొంతదారు అయినవాడే వాటి ఖర్చులకూ సొంతదారు.

సెన్సరీ గది మీద కూడా నాకు అనుమానమే. అది పనికిరాదని కాదు. దాన్ని వాడే శిక్షణ ఉన్న మనిషి ఉంటేనే పనికొస్తుంది. ఒక ఫిజియో మానేసి ఇంకొకరు వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న చోట 14 లక్షల లైట్లు, బబుల్ ట్యూబులు పెడితే అది ప్రారంభోత్సవం ఫొటోకే మిగులుతుంది.

అయినా సరే, వద్దని చెప్పమని మొదట్లో సలహా ఇవ్వలేదు. ఒక చిన్న ఊళ్లో 40 లక్షలు వద్దంటే ఆ కబురు మిగతా కంపెనీలకూ పాకుతుంది. వద్దనకుండా ఆ డబ్బునే వేరే ఆకారంలోకి మార్చగలమా అన్నదే ప్రశ్న.

చేసి చూసినవి

మొదట మామూలుగా అందరూ చేసేదే చేశాం. అదే 40 లక్షల్లో 18 లక్షలు జీతాల కింద చూపిస్తూ ప్రపోజల్ పంపాం. రెండు రోజుల్లో తిరిగొచ్చింది. "అడ్మినిస్ట్రేటివ్ ఖర్చులు 5 శాతం మించకూడదు" అని ఒక లైను రాశారు. సీఎస్ఆర్ చూసేది హెచ్ఆర్ విభాగంలోని ఒక యువ అధికారి. ఆయనను తప్పుపట్టడానికి లేదు. పై నుంచి వచ్చిన ఎక్సెల్ టెంప్లేట్‌లో జీతాల వరుస 5 శాతం దాటితే గడి ఎర్రగా మారుతుంది. రేపు ఆడిట్‌లో ప్రశ్న వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే.

నాకు దీనికి సమాధానం అప్పుడే తెలుసు. అయినా వెంటనే తిరిగి రాయలేదు. ఎర్ర గడి ముందు కూర్చున్న మనిషితో చట్టం వాదిస్తే ఆయన ఇంకా బిగుసుకుపోతాడు. ఈలోగా సంఘంవాళ్లు జీతాలకు వేరే దారులు చూద్దామన్నారు. అవీ చూడాల్సినవే.

ఊళ్లోని ఒక రియల్ ఎస్టేట్ సంస్థ 3 లక్షలు ఇస్తామంది. అది సీఎస్ఆర్ పరిధిలో లేని చిన్న సంస్థ. బదులుగా కేంద్రం గోడ మీద వెంచర్ ఫ్లెక్సీ, వార్షికోత్సవం బ్రోచర్‌లో ప్లాట్ల ప్రకటన, దాంతోపాటు 80జీ రసీదు కావాలన్నారు. ఇక్కడ గీత స్పష్టంగా ఉంది. దాత పేరుతో కృతజ్ఞతగా ఒక పలక పెడితే అది విరాళమే, జీఎస్టీ లేదని 2019లో సర్క్యులర్ వచ్చింది. అదే పలక మీద వ్యాపార ప్రచారం ఉంటే అది సంస్థ అమ్ముకున్న ప్రకటన. అమ్మకానికి విరాళం రసీదు ఇస్తే రేపు 80జీ గుర్తింపుకే ప్రమాదం. పేరుతో పలక పెడతాం, ఫ్లెక్సీ కుదరదు అని చెప్పాం. వాళ్లు మళ్లీ రాలేదు.

తర్వాత ఒక తల్లి తమ్ముడు అమెరికా నుంచి ఫోన్ చేశారు. ఆయన కంపెనీలో ఉద్యోగి ఎంత ఇస్తే కంపెనీ కూడా అంత కలిపి ఇచ్చే పథకం ఉంది. స్నేహితులు పది మంది కలిస్తే మంచి మొత్తం అవుతుంది. ఇది వినగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. కానీ కంపెనీ కలిపే డబ్బు విదేశీ విరాళం కిందకే వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. సంఘానికి రెండూ లేవు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు చదువుతుంటే ఒక సంగతి గమనించాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపేది, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఈ తమ్ముడి పాస్‌పోర్టు ఇంకా మనదే. కాబట్టి ఆయన వాటా వచ్చింది. కంపెనీ వాటా, పౌరసత్వం మారిన స్నేహితుల వాటా రాలేదు.

ఎఫ్‌సీఆర్ఏకి దరఖాస్తు పెడదామని అధ్యక్షుడు గారు పట్టుబట్టారు. నేను వద్దన్నాను. ఢిల్లీలోని ఒకే ఒక ఎస్‌బీఐ శాఖలో ఖాతా, ప్రతి ఏటా వేరే రిటర్న్, పరిపాలన ఖర్చు మీద 20 శాతం పరిమితి. కొన్ని లక్షల కోసం ఇన్ని బాధ్యతలు, అదీ ఒకే ఒక రిటైర్డ్ ట్రెజరర్ మోయాలి. ఆ లెక్క కుదరదు.

మూడో ఆలోచన డిపాజిట్. 40 లక్షలు అలాగే బ్యాంకులో వేసి వడ్డీతో జీతాలిద్దాం అన్నారు ఒక సభ్యుడు. మన ఊళ్లలో గుళ్లకు, అన్నదానాలకు శాశ్వత నిధి పెట్టే అలవాటు ఉంది కదా, ఆ ఆలోచన సహజమే. కానీ 2021 సవరణ తర్వాత సంస్థ మూలనిధికి ఇచ్చే డబ్బును సీఎస్ఆర్ ఖర్చుగా లెక్కించరు. కంపెనీ ఒప్పుకోలేదు, ఒప్పుకోకూడదు కూడా.

మార్చి యూసీ సంగతి

ఫిబ్రవరి చివర్లో కంపెనీ వైపు నుంచి ఇంకో ప్రతిపాదన వచ్చింది. "40 లక్షలు ఇప్పుడే మీ ఖాతాలో వేస్తాం. మార్చి 30 తేదీతో మొత్తం ఖర్చయినట్టు యూసీ ఇచ్చేయండి. తర్వాత నెమ్మదిగా మీకు కావాల్సినట్టు వాడుకోండి." వినియోగ ధ్రువపత్రాన్నే అందరూ యూసీ అంటారు.

సంఘంలో సగం మందికి ఇది వరంలా కనిపించింది. జీతాలకు వాడుకోవచ్చు కదా అని. ఈ ఒక్క చోట మాత్రం నేను ఎటూ వంగలేదు. 2021లో కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చిన వివరణలో సూటిగా ఉంది: అమలు చేసే సంస్థకు డబ్బు బదిలీ చేయడం ఖర్చు కిందకు రాదు, ఆ సంస్థ దాన్ని వాడితేనే ఖర్చు. కంపెనీ సీఎఫ్ఓ (ఆర్థిక వ్యవహారాల అధిపతి) ఆ వినియోగాన్ని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టాలి. మన యూసీ అబద్ధమైతే ఆయన సంతకం కూడా అబద్ధమవుతుంది. సంస్థ వైపు ఇంకో చిక్కుంది. ఆదాయపు పన్ను మినహాయింపు నిలవాలంటే వచ్చిన ఆదాయంలో 85 శాతం అదే ఏడాది ఖర్చు పెట్టాలి, లేదా ఫలానా పనికని ప్రకటించి దాచుకోవాలి. ఖర్చయిందని కంపెనీకి యూసీ ఇచ్చి, ఖర్చు కాలేదని పన్ను శాఖకు ఫారం ఇస్తే రెండు కాగితాలూ ఒకదాన్నొకటి పట్టిస్తాయి.

"అందరూ చేసేదే కదా సార్" అన్నారు కార్యదర్శి గారు. నిజమే, చాలామంది చేస్తారు. కానీ పట్టుబడ్డప్పుడు పెద్ద కంపెనీకి లాయర్లు ఉంటారు, ఈ సంఘానికి పిల్లలు తప్ప ఎవరూ లేరు. ఆ రాత్రి ట్రెజరర్ గారే ఫోన్ చేసి, తన సంతకం ఉండే కాగితం మీద అలా రాయనని కమిటీకి చెప్పేశానన్నారు. ఆ గొడవ అంతటితో తెగింది.

పనిచేసిన మార్గం

అలాంటి యూసీ ఇవ్వలేమని చెప్పిన లేఖలోనే వేరే దారి కూడా చూపించాం. మేం వద్దంటే కంపెనీకి మిగిలేది టెన్షన్ ఒక్కటే. ఆ టెన్షన్ తీర్చే ప్రతిపాదన కూడా వెంటే వెళ్లకపోతే డబ్బు ఇంకో సంస్థకు పోతుంది.

ఆ దారి "కొనసాగుతున్న ప్రాజెక్టు" అన్న నిబంధన. ప్రాజెక్టు మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల వరకు సాగే పనిని కంపెనీ బోర్డు అలా ప్రకటించవచ్చు. అప్పుడు మిగిలిన డబ్బును ఏప్రిల్ 30 లోపు కంపెనీయే తన పేరు మీద అన్‌స్పెంట్ సీఎస్ఆర్ ఖాతాలో వేసి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు పెట్టుకోవచ్చు. డబ్బు ఢిల్లీకి పోదు, ఎవరూ దొంగ యూసీ ఇవ్వక్కర్లేదు. సంస్థ ఖాతాలో ఒకేసారి 40 లక్షలు పడవు కాబట్టి 85 శాతం బాధా లేదు. అయితే ప్రాజెక్టు ఆ మార్చిలోపే నిజంగా మొదలవ్వాలి. అందుకే స్టాండింగ్ ఫ్రేములు, సెరిబ్రల్ పాల్సీ పిల్లల కుర్చీలు, వాకర్లు, ప్యారలల్ బార్లు కలిపి 4 లక్షల సామాను మార్చిలో కొనేట్టు పెట్టాం. అవి ఫిజియోలు ఎప్పటినుంచో అడుగుతున్నవే.

మిగిలిన 36 లక్షలు జీతాలకు. ఇక్కడే ఆ 5 శాతం మళ్లీ ఎదురైంది.

సీఎస్ఆర్ నియమాల్లోని 2(1)(బి) ఏం చెబుతుందంటే, అడ్మినిస్ట్రేటివ్ ఓవర్‌హెడ్స్ అంటే కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడపడానికి పెట్టే సాధారణ ఖర్చు. ఒక ప్రాజెక్టును రూపొందించడానికి, అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి, మదింపు చేయడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. అంటే 5 శాతం గీత కంపెనీ ఆఫీసుకు గీసింది. పిల్ల కాళ్లు పట్టి వ్యాయామం చేయించే ఫిజియో జీతం ప్రాజెక్టు అమలు ఖర్చే. అసలు ఈ ప్రాజెక్టు అంటేనే ఆ ఫిజియో. సీఎస్ఆర్ కింద ఏ పనులు చేయవచ్చో చెప్పే షెడ్యూల్ 7లో రెండో అంశం ప్రత్యేక విద్యను పేరు పెట్టి మరీ చెబుతుంది.

ఈ సంగతిని ఒక్క పేజీలో రాసి, హెచ్ఆర్ అధికారి ద్వారానే, కంపెనీ సెక్రటరీకి, ఫైనాన్స్ హెడ్‌కు పంపించమని కోరాం. ఆయనను దాటి వెళ్లలేదు. ఆయన తలుచుకుంటే రోజువారీ పని ఎక్కడైనా ఆపగలరు. పైగా ఆయనకు కావాల్సింది "ఇది సరే" అని ఎవరైనా పెద్దవాళ్లు రాసిచ్చిన కాగితం. నియమం చదివి నిర్ణయించగలిగింది కంపెనీ సెక్రటరీయే. జవాబు వారంలోపే వచ్చింది, అభ్యంతరం లేదని.

నియమం ఒక్కటే సరిపోతుందని నేననుకోలేదు. "జీతాలు" అన్న పదం చూడగానే బోర్డులో ఎవరో ఒకరు ఇది దానమా, ఉద్యోగాలివ్వడమా అంటారు. అందుకని బడ్జెట్‌ను మనుషుల లెక్కలో కాక సెషన్ల లెక్కలో తిరగరాశాం. ఇద్దరు ఫిజియోలు రోజుకు ఎనిమిదేసి మంది పిల్లలను చూస్తే, నెలకు 24 పనిదినాలకు 384 సెషన్లు. ఫిజియో జీతం, ఆయా పనిలో వాటా, అద్దెలో వాటా అన్నీ కలిపినా ఒక సెషన్‌కు 200 రూపాయలు దాటలేదు. బయట క్లినిక్‌లో తీసుకునేది దీనికి రెట్టింపు పైమాటే. ఇది అంకెల గారడీ కాదు. ఎంతమంది వచ్చారు, ఎన్ని సెషన్లు జరిగాయి అని రిజిస్టరు చూసి ఎవరైనా తనిఖీ చేసుకోవచ్చు. వ్యాన్ ఉందా లేదా అని చూడటం కంటే ఇది కంపెనీకి గట్టి ఆధారం.

ఏడాదికి 12 లక్షల చొప్పున సమానంగా పంచకుండా 14, 12, 10 లక్షలుగా తగ్గించుకుంటూ వచ్చాం. ఇది ట్రెజరర్ గారి ఆలోచన. మొదటి ఏడాది ఎక్కువుంటే పాత అప్పు తేలి, స్పీచ్ థెరపిస్టును పూర్తికాలం పెట్టుకోవచ్చు. తర్వాత తగ్గుతూ ఉంటే సంఘం నిద్రపోకుండా వేరే ఆదాయం వెతుక్కుంటుంది. చెక్కు మూడు నెలలకొకటి, ముందుగానే రావాలని ఎంఓయూలో (ఒప్పంద పత్రంలో) రాయించాం. ఖర్చు పెట్టాక తిరిగి ఇచ్చే పద్ధతి ఇలాంటి చోట పనికిరాదు. జీతం ఒకటో తేదీకి కావాలి.

ఫ్యాక్టరీ మేనేజర్ గారికి మాత్రం ఫొటోకి వ్యాన్ లేదన్న వెలితి ఉండిపోయింది. ప్యారలల్ బార్లు ప్రారంభించి రిబ్బన్ కట్ చేశారు. ఫొటోల్లో పిల్లల ముఖాలు కనిపించకూడదని ఎంఓయూలో ముందే పెట్టాం. దానికి పెద్దగా వాదన జరగలేదు.

తర్వాత

ఇది రాసేనాటికి మూడో ఏడాది మొదలైంది. జీతాలు ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు. రెండో ఏడాది మధ్యలో ఒక ఫిజియోకు పెళ్లై వేరే ఊరు వెళ్లిపోయారు. కొత్తవాళ్లు దొరికేలోపు సెషన్లు బాగా పడిపోయాయి. ఆ త్రైమాసికంలో డబ్బు మిగిలింది. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాం. కంపెనీ ఆ మొత్తాన్ని తర్వాతి త్రైమాసికానికి సర్దింది. అంతకుముందు దొంగ యూసీ ఇచ్చి ఉంటే ఈ మాట రాసే దారే ఉండేది కాదు.

అన్నీ కుదరలేదు. పాత వ్యాన్‌ను, ఇచ్చిన కంపెనీ నుంచి లిఖిత అనుమతి తీసుకుని అమ్మాం. వచ్చిన డబ్బు పిల్లలకు వీలైన టాయిలెట్ కట్టడానికే చాలింది. దూరపు పల్లెల నుంచి వచ్చే ఐదారుగురు పిల్లలు ఇప్పటికీ ఆటోలో వస్తున్నారు, వానాకాలంలో మానేస్తున్నారు. వ్యాన్ ఉంటే బాగుండేదని ఆ తల్లులు అంటే కాదనలేను. జీతాలా, వ్యాన్ నడిపే ఖర్చా అని ఎంచుకోవాల్సి వచ్చింది.

ఫీజుల విషయంలో తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి మూడు శ్లాబులు పెట్టారు. ఎవరిది ఏ శ్లాబో ట్రెజరర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఇలాంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, అందులో థెరపీకి కొంత పరిమితి ఉంది. అర్హత ఉన్న పిల్లలందరినీ చేర్పించే పని ఒక ఎడ్యుకేటర్‌కు అప్పగించాం. స్థానిక విరాళాల్లోంచి ఏటా కొంత పక్కన పెడుతున్నారు. ఆదాయంలో 15 శాతం దాకా షరతు లేకుండా దాచుకునే వీలుంది కాబట్టి దానికి చిక్కు లేదు.

ఇవన్నీ కలిపినా, కంపెనీ ఇచ్చేది 10 లక్షలకు తగ్గిన ఈ ఏడాదిలో ఇంకా 2 లక్షల లోటు కనిపిస్తోంది. అది పూడ్చడానికి అదే పారిశ్రామిక వాడలోని రెండు చిన్న కంపెనీలకు సెషన్ల లెక్కతోనే ప్రపోజల్స్ పంపారు. ఈసారి జనవరి దాకా ఆగలేదు, జూన్‌లోనే పంపారు. ఒక కంపెనీ వచ్చి రిజిస్టర్లు చూసి వెళ్లింది. రెండోది జవాబివ్వలేదు.